పల్లకి, శిల్పం, స్మారకం: ‘మల్లీశ్వరి’లో పునస్సమాగమం

విరహం తరువాతి సమాగమం తెలుగు కథకు కొత్త వస్తువు కాదు. ఆ సమాగమం ఎక్కడ జరుగుతున్నదన్నది మాత్రం విడిగా అడగవలసిన ప్రశ్న. నలదమయంతులు తిరిగి కలుసుకున్న కుండిననగరం, శకుంతలాదుష్యంతులు కలుసుకున్న మారీచాశ్రమం కావ్యంలో తప్ప మరెక్కడా చూడదగినవి కావు. 1951 డిసెంబరు 20న విడుదలైన వాహినీవారి ‘మల్లీశ్వరి’ ఈ విషయంలో వేరు. అందులో మల్లి, నాగరాజు విడిపోయి మళ్ళీ కలుసుకునేది విజయనగరంలో. నేడు ఆ నగరం హంపీ శిథిలాలుగా 1986 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నది. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు మీద దాని రాతిరథం అచ్చయింది. దేశం తన స్మారకంగా చూపుకునే స్థలాన్ని ఇద్దరు పల్లెటూరి ప్రేమికుల కలయికకు వేదికగా చేయడంలో బి.ఎన్. రెడ్డి, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఏమి సాధించారు, ఏమి వదులుకున్నారు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

బావామరదళ్ళు ఎడ్లబండిలో తిరిగివస్తూ వానకు ఒక సత్రంలో ఆగుతారు. అక్కడ మారువేషాలలో ఉన్న రాయలు, పెద్దన మల్లి ఆటపాటలు చూస్తారు. మరదలి కోసం పల్లకి పంపించమని ఆ అపరిచితులతో నాగరాజు పరిహాసమాడుతాడు. కథకు మూలమైన విపత్తు ఈ పరిహాసంలోనే ఉన్నది. ప్రభువు దానిని విన్నపంగా స్వీకరిస్తాడు. అధికారానికి పరిహాసాన్ని పరిహాసంగా వినే చెవి ఉండదు. ఈ మాటను సినిమా ఎక్కడా పైకి అనదు, కథాగమనమంతా మాత్రం దీని మీదే నడుస్తుంది. నాగరాజు ధనార్జన కోసం ఊరు విడిచిన వేళ పల్లకి రానే వస్తుంది. ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు, రాజుకు దురుద్దేశం లేదు. అయినా ఒక ఆడపిల్ల తన ఇష్టంతో నిమిత్తం లేకుండా రాణివాసం పాలవుతుంది.

ఈ పల్లకిని కృష్ణాతీరం నుండి చూస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. విజయవాడ–మచిలీపట్నం దారిలో కంకిపాడు, ఉయ్యూరు దాటి కృష్ణ ఒడ్డుకు మళ్ళితే శ్రీకాకుళం వస్తుంది. కళింగ దండయాత్ర కాలంలో రాయలు అక్కడ ఆంధ్రమహావిష్ణువును సేవించి, స్వప్నంలో స్వామి ఆజ్ఞ పొంది ‘ఆముక్తమాల్యద’కు పూనుకున్నాడని ఆ కావ్యావతారికే చెబుతుంది. రాయలు ఆసీనుడైనాడని చెప్పే మండపాన్ని దర్శించడానికి నేటికీ యాత్రికులు వస్తారు. అక్కడ రాయలకు దక్కిన పని ఒక వియోగినిని ఆమె కోరుకున్నవానితో కలపడం. గోదను రంగనాథుని సన్నిధికి చేర్చిన వాహనం పల్లకి అని సంప్రదాయం. ‘మల్లీశ్వరి’లో ఆ పల్లకే దిశ మార్చుకున్నది. కవిగా గోదను ప్రియుని చేర్చిన రాయలు, ప్రభువుగా మల్లిని ప్రియుని నుండి దూరం చేశాడు. రచయితలు ఈ పోలికను ఉద్దేశించారని చెప్పడానికి ఆధారం లేదు, అది అవసరం కూడా లేదు. ఆ కావ్యం చదివిన ప్రేక్షకునికి ఈ వైరుధ్యం తట్టక మానదు. శ్రీకాకుళానికి అంత దూరం కాని నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు నాగరాజుగా నటించడం, చౌటపల్లికి చెందిన ఘంటసాల అతనికి గొంతునివ్వడం యాదృచ్ఛికమే అయినా, ఈ ప్రాంతపు ప్రేక్షకులకు సినిమాను మరింత సొంతం చేసిన అంశాలు.

మల్లి వెళ్ళిపోయిన తరువాత నాగరాజు ఆమె రూపాన్ని రాతిలో చెక్కుతాడు. దుష్యంతుని చిత్రఫలకం నుండి ఇది మన సాహిత్యానికి పరిచితమైన విరహవినోదమే. అయితే దుష్యంతుని చిత్రం అతనిని ఎక్కడికీ చేర్చలేదు. నాగరాజు శిల్పం అతనికి కొలువు సంపాదించి రాజధానికి రప్పిస్తుంది. బ్రతికి ఉన్న మనిషికి కట్టుకున్న స్మారకమే ఆమె దగ్గరకు దారి అవుతుంది. ఈ చిత్రంలో అత్యంత మౌలికమైన కల్పన ఇదేనని చెప్పవచ్చు. రాజధానిలో అతడు కూలికి కుదిరిన శిల్పి, ఆమె రాణివాసపు సొత్తు. ఇద్దరి మీదా హక్కు రాజ్యానిదే కనుక వారి కలయిక రాజ్యం దృష్టిలో దొంగతనం, దానికి శిక్ష మరణం. హంపీలో నేడు యాత్రికుడు తాకి చూసే స్తంభాలు చెక్కిన చేతులకు పేర్లు లేవు. వాటిలో ఒక జత చేతులకు ఈ సినిమా ఒక పేరును, ఒక వియోగాన్ని ఇచ్చింది.

స్మారకాన్ని చూడటంలో మరొక భేదమూ ఉన్నది. హంపీలో కనబడేది 1565 తరువాతి శిథిలనగరం. కొడాలి సుబ్బారావు ‘హంపీక్షేత్రము’ దానిని చూసి పుట్టిన కావ్యం, అందులో ప్రధానం శోకం. ఎ.కె. శేఖర్ కళాదర్శకత్వంలో నిర్మించిన రంగాలు మాత్రం పతనానికి ముందరి నగరాన్ని చూపుతాయి. 1936లో విజయనగర స్థాపన ఆరువందల ఏళ్ళ ఉత్సవం జరిగింది. ఆంధ్ర రాష్ట్రం 1953లో గాని రాలేదు. ఈ నడిమి కాలపు తెలుగు ప్రేక్షకునికి చెక్కుచెదరని విజయనగరం ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

సినిమా బలహీనత కూడా ఈ ఊరటలోనే ఉన్నది. బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యం’ ఈ కథకు ఒక ఆధారం. ఆ శీర్షికలో రాజు దయ ఉన్నది. సినిమా శీర్షికలో అమ్మాయి పేరున్నది. ఈ మార్పు చిన్నది కాదు. మూడు వంతుల కథ ఆ మార్పుకు కట్టుబడి నడుస్తుంది కూడా. ముగింపు మాత్రం నాటిక శీర్షిక దగ్గరికే తిరిగి వెళ్తుంది. నిజం తెలిసిన రాయలు క్షమించి ప్రేమికులను కలుపుతాడు. పల్లకి పంపినవాడే బిడ్డను తిరిగి ఇచ్చి కృతజ్ఞత అందుకుంటాడు. మల్లి రాణివాసంలో పోగొట్టుకున్న కాలానికి జవాబు చెప్పవలసినవాడు ఎవరూ మిగలరు. కృష్ణశాస్త్రి మాటల్లోని మార్దవం ఈ లోటును కప్పుతుంది, పూడ్చదు. భానుమతి ముఖం మాత్రం కప్పనివ్వదు. పల్లకి వచ్చిన ఘట్టంలో ఆమె చూపిన దిగ్భ్రాంతిని చివరి ఘట్టపు సంతోషం పూర్తిగా తుడిచివేయలేదు.