పావుగంట దాటాక

మా నాన్న లారీ డ్రైవరు. చదువు సంతకం వరకే. ట్రిప్పు దిగి ఇంటికొచ్చిన రాత్రి జేబుల్లోని చీటీలన్నీ తీసి మంచమ్మీద పరిచేవాడు. లెక్క రాయడం నా పని. ఏడో తరగతి నుంచి పెళ్లయ్యేదాకా రాశాను. "డీజిలు రాయమ్మా. టోలు, కాటా, హమాలీల చాయ్ డబ్బులు. దారిలో ఇచ్చినవన్నీ ఇతరాల కింద వేసెయ్." పొద్దున్నే ఆ కాగితం ఓనరు గారికి చేరాలి.

జీతమెంత అని ఎవరైనా అడిగితే నాన్న ఒక్క అంకె చెప్పలేకపోయేవాడు. దాచి కాదు, ఒక్క అంకె ఉండదు. నెలకు చిన్న జీతం, దానిమీద రోజుకింత బత్తా. తిండి, టీ, స్నానం అన్నీ ఆ బత్తాలోంచే. దారిలో ఎంత కడుపు కట్టుకుంటే ఇంటికి అంత మిగులు. కొందరి దగ్గర జీతమే ఉండదు, కిరాయిలో ఇంత శాతమని మాట. ఇంకొందరు ట్రిప్పు ఖర్చంతా ముందే కట్టి చేతికిస్తారు. డీజిలు ఆదా అయితే ఆ మిగులు డ్రైవరుది. లోడు బరువై, ఎదురుగాలై ఎక్కువ తాగిందా, ఆ కోత కూడా అతనిదే. వీటిలో ఏ పద్ధతిలోనూ గంట అనే మాట లేదు.

నాన్నది ఎక్కువగా చేపల లోడు. ఆకివీడులో ట్రేలకు ఐసు పెట్టి ఎత్తితే హౌరా మార్కెట్టులో దింపాలి. వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఐసు కరిగేలోపు చేరాలి కాబట్టి పోయేటప్పుడు కన్ను మూసేది లేదు. తిరుగు లోడు దొరికేదాకా అక్కడ పడిగాపులు. ఆ రోజులకు బత్తా ఇస్తే ఇచ్చినట్టు.

ఇంటరులో ఉండగా ఒకసారి, అడిగి అడిగి ఆ ట్రిప్పు గంటలు కూడా రాశాను. పోనూ రానూ స్టీరింగు మీద 60. లోడింగు, అన్‌లోడింగు, తిరుగు లోడు కోసం లారీ దగ్గర ఉన్నవి 71. నడిపినదానికంటే నిలబడిందే ఎక్కువ! నాన్న ఆ అంకె చూసి, "కూర్చున్నదానికి కూలేంటమ్మా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం తిరగేస్తే నాన్న మాటే కనబడింది. రోజుకు 8 గంటలు, వారానికి 48, దాటితే రెట్టింపు కూలి అని అందులో స్పష్టంగా ఉంది. దూరప్రయాణాలకు అనుమతితో రోజుకు 10, వారానికి 54. అయితే పని గంటలంటే ఏమిటో చెప్పేచోట, యజమానికి అందుబాటులో ఉన్న సమయమంటూనే, బండి నడిచిన సమయం, దానికి తోడు పనులు, ఆపైన టెర్మినళ్లలో పావుగంట లోపు వేచి ఉన్న సమయం అందులో చేరతాయన్నారు. పావుగంట దాటాక ఏమిటి? అది పని కాదంటే నేను ఒప్పుకోను. యార్డులో డ్రైవరు బండి వదిలి వెళ్లలేడు. స్టెప్నీ పోతుంది, డీజిలు తీస్తారు, పట్టా తాళ్లు కోస్తారు. అది కూర్చోవడం కాదు, కాపలా. కాపలా పనికాదని ఏ వాచ్‌మన్‌కైనా చెప్పగలమా?

పైగా ఆ చట్టం అయిదుగురు, ఆపైన పనివాళ్లున్న సంస్థలకే. ఒక లారీ, రెండు లారీల ఓనర్లున్న మన రోడ్ల మీద అది ఎందరికి అందింది? 2025 నవంబరు 21 నుంచి దాని చోట వృత్తి భద్రత కోడ్ వచ్చింది. రెట్టింపు కూలి అలాగే ఉంది కానీ, మోటారు రవాణాకు అయిదుగురు పదిమందయ్యారు. కనీస వేతనాల దారి ఉందనుకున్నా, అక్కడా ముందు అడిగేది ఇన్ని గంటలు చేశావని రుజువేది అనే.

ఆ రుజువు ఇప్పుడు లేక కాదు. ఫాస్టాగ్ మెసేజి టోలు దాటిన నిమిషంతో సహా వస్తుంది, ఓనరు ఫోనుకు. జీపీఎస్ కూడా అక్కడికే. డ్రైవరు చేతిలో మాత్రం మా ఇంటి మంచమ్మీది చీటీలే.

మా వీధిలో లారీ తోలే కుర్రాడొకడు ఈమధ్య లెక్క చూపించడానికి వస్తున్నాడు. గేటు లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము రాసుకోమని, గేటు చీటీ ఫొటో తీసి ఉంచుకోమని చెప్పాను. "ఎవరడుగుతారక్కా?" అన్నాడు. ఎవరో అడిగే రోజుకు నీ దగ్గర ఉండాలి కదా అన్నాను. మొన్న విశాఖ అవతల ఒక గోడౌను నుంచి ఫొటో పంపాడు. లోపలికి ఉదయం 6.40. బయటికి అన్నచోట ఖాళీ. "ఇంకా లోపలే ఉన్నానక్కా" అని కింద రాశాడు. అప్పటికి రాత్రి తొమ్మిదైంది.