పంతొమ్మిది రంధ్రాల కడ్డీ

అణు రాకెట్ అనగానే చాలామందికి బాంబే గుర్తొస్తుంది. అమెరికావాళ్ల నెర్వా ఇంజిన్‌లో పేలేదేమీ లేదు, మండేదీ లేదు. రియాక్టర్ వేడికి హైడ్రోజన్ ఉబ్బి నాజిల్ గుండా దూసుకుపోతుంది, అంతే. రసాయన రాకెట్ వదిలే నీటి ఆవిరి కన్నా ఒట్టి హైడ్రోజన్ ఎంతో తేలిక కాబట్టి, అదే బరువు ఇంధనానికి దాదాపు రెట్టింపు ఫలితం వస్తుంది. దీన్ని నేల మీంచి లేవడానికి కాదు, పైకి వెళ్లాక అంగారకుడి దాకా సాగే ప్రయాణానికి వాడాలనుకున్నారు.

ఇంజిన్ మొత్తంలో నన్ను కట్టిపడేసింది ఇంధన కడ్డీ. గ్రాఫైట్‌తో చేసిన ఆరు పలకల కడ్డీ అది. పొడవు సుమారు 1.3 మీటర్లు, లావు బొటనవేలంత. ఆ కాస్త మేనులో ఈ కొస నుంచి ఆ కొస దాకా 19 సన్నని రంధ్రాలు! యురేనియం గ్రాఫైట్‌లోనే కలిసి ఉంటుంది. ట్యాంకులో మైనస్ 253 డిగ్రీల దగ్గరుండే హైడ్రోజన్ ఈ రంధ్రాలు దాటి బయటపడేసరికి 2000 డిగ్రీలు మించుతుంది.

అంత వేడిలో హైడ్రోజన్ ఊరుకోదు, గ్రాఫైట్‌ను కొరుక్కుతింటుంది. అందుకని ప్రతి రంధ్రం లోపలి గోడకూ నయోబియం కార్బైడ్ పూత పట్టించారు. మీటరుకు పైగా పొడవున్న సన్నని రంధ్రంలో పూత అంతటా సమంగా పట్టాలంటే ఎంత ఓపిక కావాలో! పైగా వేడికి పూత సాగినంత గ్రాఫైట్ సాగదు. దాంతో పూత చిట్లేది, ఆ బీటల్లోంచి హైడ్రోజన్ మళ్లీ లోపలికి దూరేది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికే ఏళ్లు పట్టింది.

1962 నవంబర్ 30న నెవాడా ఎడారిలో, నెర్వాకు దారితీసిన కివీ బి4ఎ రియాక్టర్ పరీక్ష జరుగుతుండగా ఇంధన కడ్డీలు విరిగి ముక్కలు బయటికి ఎగిరాయి. తప్పు అణుచర్యదే అని తేల్చేయడం తేలిక. లాస్ అలమోస్ ప్రయోగశాల బృందం అలా చేయలేదు. యురేనియం లేని రియాక్టర్‌లోకి చల్లని వాయువు పంపి చూశారు. అప్పుడూ కడ్డీలు అదిరిపోయాయి. అంటే అదురంతా వాయు ప్రవాహానిదే! కడ్డీల అమరికను బిగించి కట్టాక ఆ బెడద తీరింది. ఈ ఆరా తీసిన తీరుకు నేనైతే నూటికి నూరు మార్కులూ వేస్తాను.

1967 డిసెంబరులో ఎన్‌ఆర్‌ఎక్స్-ఎ6 రియాక్టర్ 1100 మెగావాట్ల శక్తితో ఏకబిగిన గంటసేపు నడిచింది. 1969లో ఎక్స్‌ఈ ఇంజిన్‌ను ఇరవైకి పైగా సార్లు ఆపి, మళ్లీ నడిపారు. ఆ తర్వాత నిధులు తగ్గిపోయాయి. 1973 జనవరిలో పథకానికి తెరపడింది. ఒక్క నెర్వా ఇంజినూ అంతరిక్షంలోకి వెళ్లలేదు.