శనగకూర, జామపండు, కుసుమ నూనె

సంక్రాంతికి ముందు జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ చేను లేతగా ఉంటుంది. చేలో దిగిన ఆడవాళ్ళు మొక్క తలను రెండు వేళ్ళతో పట్టి గిల్లుతూ పోతారు. తల గిల్లితే మొక్క పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది, కాయ బాగా పడుతుంది. గిల్లిన చివుళ్ళు ఒళ్ళోకి చేరి ఆ పూటకు కూరవుతాయి. కుండకెక్కక ముందే నాలుగు చివుళ్ళు నోట్లోకి పోతాయి. ఉప్పు చల్లలేదు, నిమ్మకాయ పిండలేదు, అయినా నాలుకకు మంచి పులుపు తగులుతుంది.

ఆ పులుపు ఎక్కడిదంటే, శనగ ఆకు మీది సన్నని నూగుది. నూగు కొసల నుంచి మొక్క ఆమ్లాన్ని ఊరుస్తుంది. అందులో ముఖ్యమైనది మాలిక్ ఆమ్లం, ఆపిల్‌కు పులుపునిచ్చేదీ అదే. మన దేశంలో పూర్వం రాత్రిపూట పలుచని గుడ్డను శనగ చేను మీద పరిచేవాళ్ళు. మంచుతో పాటు గుడ్డకెక్కిన ఆ పులుసును పొద్దున పిండి దాచుకునేవాళ్ళు. ఆయుర్వేదం దాన్ని చణకామ్లం అంది, అజీర్తికి మందుగా వాడింది. వెనిగర్ సీసా అంగట్లోకి రావడానికి చాలా ముందే మన చేలల్లో పులుసు ఉందన్నమాట. పచ్చి ఆకుకు కావలసిన పులుపు ఆకు మీదే పుట్టడం నాకైతే ఎప్పటికీ అబ్బురమే.

ఈ సంగతి ఎందుకంటే, హైదరాబాద్ పెద్ద హోటళ్ళలో పళ్ళూ పాలకూరా కలిపిన సలాడ్ ఇప్పుడు మామూలైపోయింది. లేత పాలకూర, నారింజ తొనలో స్ట్రాబెర్రీ ముక్కలో, వేయించిన బాదం, పైన కాస్త డ్రెస్సింగ్. అది పరాయి వంట అనీ, సరుకంతా సూపర్ మార్కెట్ నుంచే రావాలనీ చాలామంది అనుకుంటారు. పేరు తీసి పక్కన పెట్టి చూస్తే అందులో ఉన్నవి ఐదే: పచ్చి ఆకు, పండు, నూనె, పులుపు, ఏదో ఒక గింజ. ఈ ఐదూ జహీరాబాద్ ప్రాంతంలో ఒకే కాలంలో, ఒకదానికొకటి నడిచేంత దూరంలో దొరుకుతాయి. అందుకే ఈ సలాడ్‌కు అసలైన చోటు హోటల్ కన్నా ఈ ఊళ్ళే అని నా నమ్మకం.

ముందు ఆకు సంగతి చూద్దాం. మన అంగళ్ళలో పాలకూర పేరుతో అమ్మేది చాలావరకు హోటల్ సలాడ్లో వాడే స్పినాచ్ కాదు, బీట్‌రూట్ కులానికి చెందిన మొక్క. ఆల్ గ్రీన్, పూసా జ్యోతి లాంటి పేరున్న రకాలన్నీ ఈ జాతివే. పప్పులోకి ఇది దివ్యంగా ఉంటుంది కానీ ముదిరితే ఆకు మందమై మట్టి వాసన వేస్తుంది, పచ్చిగా నమిలితే నాలుక మీద గరుకు మిగులుతుంది. కాబట్టి సలాడ్‌కు అరచెయ్యంత ఆకు పనికిరాదు. విత్తిన మూడు వారాలకు, రెండు వేళ్ళంత ఉన్నప్పుడు కోసింది కావాలి. కట్టలో అలాంటివి దొరక్కపోతే కట్ట నడుమ ఉన్న చిన్న ఆకులు ఏరుకుని, మిగతావి పప్పుకు ఉంచుకోవాలి.

పాలకూరకు తోడుగా గంగవాయిలి వెయ్యాలి. దీనికోసం ఎవరూ విత్తనం వెయ్యరు. తడి తగిలిన చోటల్లా నేలకు పరుచుకుని అదే మొలుస్తుంది. బొద్దు ఆకు, ఎర్రటి కాడ, కొరికితే నీళ్ళూరే కరకర. పశ్చిమాసియాలో, మధ్యధరా తీరాన, మెక్సికోలో దీన్ని పచ్చిగానే తింటారు. మనం పప్పులోనే వేస్తాం. గంగవాయిలికి ఒక వింత గుణం ఉంది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి తీసుకుంటుంది. ఆ గాలిని తెల్లవారేదాకా మాలిక్ ఆమ్లంగా నిలవ చేసుకుంటుంది. అందుకే బెట్టకొచ్చిన మొక్కను పొద్దున్నే తెంపితే పుల్లగా, సాయంత్రం తెంపితే చప్పగా ఉంటుంది. సలాడ్‌కు పొద్దుటి ఆకే మంచిది. ఒక్క జాగ్రత్త తప్పదు. దీని పక్కనే, దీనిలాగే నేలకు పాకే పాలమొక్కలు కొన్ని ఉంటాయి. కాడ తుంచగానే తెల్లని పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినకూడదు.

శనగ చివుళ్ళు ఒక గుప్పెడు వేస్తే చాలు. ముళ్ళు రాకముందు గిల్లిన లేత కుసుమ ఆకు ఉంటే ఇంకా మేలు. అంతకుమించి పోకూడదు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు తెలిసిన ఆకుకూరలు బోలెడు: దొగ్గలి కూర, జొన్న చెంచలి, తుమ్మికూర, చెన్నంగి, గునుగు, పొన్నగంటి. వీటిలో చాలావాటిని ఉడికించో వేయించో తినాలి. వాళ్ళెప్పుడూ వండే తిన్నారు, ఆ లెక్కను మనం మార్చనక్కర్లేదు. పచ్చిగా తినేది వేరు, పొయ్యి మీదికి పోయేది వేరు.

కడగడం దగ్గరే సగం సలాడ్లు చెడతాయి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, ఆకు వేసి, చేత్తో మెల్లగా కదిపి రెండు నిమిషాలు వదలాలి. మట్టి అడుగుకు దిగుతుంది. అప్పుడు ఆకును పైనుంచి ఎత్తి తీయాలి తప్ప నీళ్ళతో సహా జల్లెట్లోకి వంచకూడదు, వంచితే దిగిన మట్టి మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. గిన్నె అడుగున ఇసుక కనపడనంత వరకు నీళ్ళు మార్చాలి. తర్వాత పాత నూలు గుడ్డలో మూటకట్టి రెండుసార్లు విదిలించి, అదే గుడ్డ మీద పరిచి ఆరనివ్వాలి. తడి మిగిలిన ఆకుకు నూనె అంటదు, ఎంత మంచి డ్రెస్సింగ్ కలిపినా జారి అడుగుకు పోతుంది. ఆరిన ఆకును చేత్తోనే తుంచుకోవాలి.

పండు దగ్గర నా ఓటు జామకే. పక్క మండలం కోహిర్ జామకు పేరున్న ఊరు. మెత్తబడిన పండు కాకుండా, పచ్చదనం విరిగి పసుపు తిరుగుతున్న దోరపండు తీసుకోవాలి. ముక్క నిలబడాలి, తీపి ఉండాలి, కాస్త వగరూ మిగలాలి. గింజల బొడ్డు తీసేసి సన్నని బద్దలుగా కోసి, కోసిన వెంటనే రెండు చుక్కల నిమ్మరసం పూస్తే రంగు మారదు. దానిమ్మ గింజలు గుప్పెడు కలిపితే పంటి కింద తడి తగులుతుంది. కాలం కలిసొస్తే నాలుగు రేగుపళ్ళు గింజ తీసి వేసుకోవచ్చు. సీతాఫలం మాత్రం వద్దు, దాని గుజ్జు ఆకునంతా ముద్ద చేస్తుంది.

జామకు ఓటు వేయడం రుచి కోసమే కాదు. పాలకూరలో ఇనుము ఉన్నా ఆక్సలేట్లు, ఇతర పదార్థాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. విటమిన్ సి తోడైతే ఆకులోని ఇనుము మెరుగ్గా పడుతుంది. వంద గ్రాముల నారింజలో విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములుంటే, అంతే జామలో 200 దాటుతుంది. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం పచ్చి పాలకూర, గంగవాయిలి రెండింటికీ దూరంగా ఉండాలి. రెండింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ.

ఇక డ్రెస్సింగ్. మన వంటలో దీనికి దగ్గరి చుట్టం ఆవపెట్టిన కూర. అరటికాయ, పనసపొట్టు ఉడికించి, దించాక పచ్చి ఆవముద్ద కలిపే పద్ధతి తెలిసినవాళ్ళకు డ్రెస్సింగ్ కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. నలుగురికి అర చెంచా ఆవాలు పొడి చేసి, చెంచాడు చల్లని నీళ్ళతో తడిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఆవాల ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు, నలిగి తడి తగిలాకే పుడుతుంది. ముందే నిమ్మరసం పోస్తే ఆ ఘాటు ఎదగక ఆగిపోతుంది, వేడినీళ్ళు పోసినా అంతే. పది నిమిషాలయ్యాక రెండు చెంచాల నిమ్మరసం, ముప్పావు చెంచా తురిమిన బెల్లం, తగినంత ఉప్పు వేసి బెల్లం కరిగేదాకా కలపాలి. చివర్న ఆరు చెంచాల గానుగ కుసుమ నూనె. ఒక్కసారిగా గుమ్మరించకుండా సన్నని ధారగా పోస్తూ, కవ్వంతోనో ఫోర్కుతోనో గిలకొడుతూ ఉండాలి. ఆవపొడిలోని జిగురు నూనె బొట్లను పట్టి ఉంచుతుంది. విడివిడిగా ఉన్న నూనె, పులుపు చిక్కబడి లేత పసుపు రంగులోకి తిరుగుతాయి. చెంచా వెనక్కి తిప్పితే పలుచగా అంటుకుని నిలవాలి. మూడు పాళ్ళ నూనెకు ఒక పాలు పులుపు అన్నది లోకమంతా వాడే కొలత. శనగ చివుళ్ళు వేస్తే ఆకులోనే పులుపు ఉంది కాబట్టి నిమ్మరసం అర చెంచా తగ్గించాలి.

నూనెను ఇలా చిక్కబరచడంలో ఇంకో లాభం ఉంది. ఆకు పైపొర మైనంలాంటిది. నీళ్ళు దాని మీద నిలవవు, నూనె మాత్రం లోపలికి ఇంకి ఆకును వడలేస్తుంది. పులుపు వల్ల ఆకు వాడుతుందని చాలామంది అనుకుంటారు గానీ త్వరగా పాడుచేసేది విడిగా పడ్డ నూనే. బాగా గిలకొట్టిన డ్రెస్సింగ్‌లో నూనె బొట్లు పులుసులో చిక్కుకుని ఉంటాయి కాబట్టి ఆకు కాసేపు నిలబడుతుంది. కాసేపే, గంటలు కాదు. కంచాలు వేశాకే కలపాలి. గిన్నె అంచుల వెంట డ్రెస్సింగ్ పోసి, రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి ఆకుల మీదికి జారవిడవాలి. పండు ముక్కలు ఆ తర్వాతే. దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన అవిసెలో గడ్డినువ్వులో చెంచాడు పైన చల్లాలి. పక్కనే ఉన్న కర్ణాటకలో దోసకాయ కోసంబరి చేసేవాళ్ళు కూడా ఉప్పును వడ్డించే ముందే వేస్తారు, ముందు వేస్తే దోసకాయ నీళ్ళు వదులుతుందని. ఆ క్రమశిక్షణే ఇక్కడా పనిచేస్తుంది.

ఒళ్ళు తగ్గాలని నూనె మానేసి ఉత్త నిమ్మరసంతో తినేవాళ్ళున్నారు. 2004లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాలకూర, లెట్యూస్, టమాటా, క్యారెట్ కలిపిన సలాడ్‌ను కొందరికి కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో, కొవ్వున్న డ్రెస్సింగ్‌తో విడివిడిగా తినిపించి చూశారు. కొవ్వు లేనప్పుడు సలాడ్‌లోని కెరోటిన్లు రక్తంలోకి దాదాపు చేరలేదు. కళ్ళకు మంచిదని పాలకూర తిని నూనె మానడమంటే తిన్న ఫలితం వదులుకోవడమే.

పచ్చి ఆకుతో తెలుగు నేలకు పాత అనుబంధమే ఉంది. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీ, రాజమండ్రిలో ప్రకృతి చికిత్స నడిపే సుందరం గోపాలరావు మాటలకు ఉత్సాహపడి వండని తిండి ప్రయోగం మొదలుపెట్టారు. నానబెట్టిన ధాన్యం, పప్పు ఆయన ఒంటికి సరిపడలేదు, కొన్ని నెలలకే ఆపేశారు. ఆకును మాత్రం వదలలేదు. 1935లో హరిజన్ పత్రికలో పచ్చి ఆకుల విలువ గురించి మళ్ళీ రాశారు.

అయితే పచ్చి ఆకు తినాలంటే ముందు చేను బాగుండాలి. వండిన కూరలో కొంత దోషం పొయ్యి మీద పోతుందని సర్దుకోవచ్చు. పచ్చి ఆకుకు ఆ వెసులుబాటు లేదు, చేలో ఏం కొట్టారో అది నేరుగా కంచంలోకి వస్తుంది. కలుపుమందు కొట్టిన చేలో గంగవాయిలి బతకదు, పక్క చేలో కొట్టగా బతికిన దాన్ని పచ్చిగా తినలేం. ఇక్కడే జహీరాబాద్ ఆడవాళ్ళు చేసిన పని విలువ తెలుస్తుంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, ఒకే చేలో రకరకాల పంటలు కలిపి, రసాయనాలు లేకుండా పండిస్తూ వచ్చారు. లోకం కలుపు అని పీకేసే మొక్కలు తమకు కూర అని గట్టిగా చెప్పారు. వానా నీటి తడీ లేకుండా, నేలలో మిగిలిన పదును మీద, మంచు మీద పండే శనగ, కుసుమ, అవిసె లాంటివాటిని సత్యం పంటలు అన్నారు. మన సలాడ్‌లోని శనగ చివుళ్ళ పులుపు, కుసుమ నూనె, అవిసె గింజ మూడూ ఆ సత్యం పంటలవే. ఝరాసంగం మండలం మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న మొదలైన వాళ్ళ సంఘం రేడియోలో విత్తనం, సాగు, తిండి ముచ్చట్లు వాళ్ళ యాసలోనే వినిపించాయి. ఏటా సంక్రాంతి వేళ విత్తనాలు నింపుకున్న ఎడ్లబండ్లు ఊరూరా తిరిగే పాతపంటల జాతర కూడా శనగకూర కాలం వెంటనే వస్తుంది. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఇదే ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లోని 17 గ్రామాల్లో పారిశ్రామిక జోన్ అయిన నిమ్జ్ కోసం 12,635 ఎకరాలు గుర్తించారు. పోయే భూమికి ఎకరానికింత అని పరిహారం కడతారు, వేసిన పంటకు, బోరుకు, చెట్టుకు లెక్క వేస్తారు. గట్టు మీద తనంతట తాను మొలిచే గంగవాయిలిని, చెన్నంగిని ఏ పట్టికలో రాస్తారు? భూమి లేని ఇంట్లో కూడా ఆకుకూర ఉడికేది ఆ గట్ల వల్లే. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

చేసి చూడాలనుకునేవాళ్ళకు ఆకు కొనేటప్పుడు ఒక్క మాట. తాజాగా ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. మందు కొట్టి ఎన్నాళ్ళయిందని అడగండి, జవాబు తేలకపోతే ఆ కట్టను పప్పులోకి పంపండి. కాలం మారితే సరుకూ మారాలి. శనగ పూతకొచ్చాక చివుళ్ళు గిల్లరు, ఆకూ ముదురుతుంది. కుసుమకు ముళ్ళొస్తాయి. ఫిబ్రవరి దాటాక జామ తగ్గి, మామిడి పిందెలు దిగుతాయి. అప్పుడు నిమ్మరసం పూర్తిగా మానేసి పచ్చిమామిడి కోరు వేసుకోవాలి, బెల్లం ఇంకో పావు చెంచా పెంచాలి. తొలకరి పడ్డాక గంగవాయిలి మళ్ళీ దండిగా వస్తుంది. ఆ రోజుల్లో ఆకులో నీరెక్కువ, పులుపు తక్కువ, కాబట్టి నిమ్మకాయ ఇంకో అర చెక్క పిండుకోవచ్చు.