మౌనం, నేరం, దండన: అణిమాండవ్యుని కథ, రంప ఫితూరీల వెలుగులో నేరసిద్ధాంతాల పరిశీలన

సంక్షిప్త సారాంశం:
నేరం, విచలనం, దండన గురించిన సిద్ధాంతాలను సాధారణంగా పాశ్చాత్య మేధావుల పేర్ల వరుసలో వివరిస్తారు. ఆ సిద్ధాంతాలను గోదావరి సీమకు చెందిన రెండు ఆధారాలతో పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. మొదటిది నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోని అణిమాండవ్యుని కథ. రెండవది 1879 నాటి రంప ఫితూరీ. రెండింటిలోనూ తన మాట చెప్పుకోని, చెప్పుకోలేని మనిషే దండనకు గురయ్యాడు. నేరం ఎందుకు జరిగిందన్న ప్రశ్న కన్నా ముందు, ఆ పనిని నేరమన్నది ఎవరు, నిందితుని మాట విన్నది ఎవరు అన్న ప్రశ్నలు రావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేరం, విచలనం, దండన, అణిమాండవ్యుడు, రంప ఫితూరీ, గోదావరి.

1. ఉపోద్ఘాతం

సమాజపు కట్టుబాటును దాటిన ప్రవర్తన విచలనం. రాజ్యం శాసనం ద్వారా నిషేధించి, శిక్ష నిర్ణయించిన చర్య నేరం. ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడూ ఒకేచోట ఉండదు. నిన్నటి ఆచారం నేటి నేరం కావచ్చు. నిన్నటి నేరం నేటి హక్కు కావచ్చు. నేరసిద్ధాంతాల చరిత్ర అంటే ఆ గీతను ఎవరు, ఏ కారణంతో గీశారన్న చర్చ చరిత్రే.

2. మాండవ్యుడు అడిగిన ప్రశ్నలు

11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, రాజమహేంద్రవరంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. ఆదిపర్వంలో విదురుని జన్మవృత్తాంతంగా వచ్చే మాండవ్యుని కథ దండనీతి దృష్టితో చదవదగినది. ముని మౌనవ్రతంలో ఉండగా దొంగలు ఆశ్రమంలో దాగారు. రాజభటులు అడిగితే ఆయన బదులు పలకలేదు. దొంగలూ సొమ్మూ అక్కడే దొరకడంతో రాజు ఆయనను కూడా కొరత వేయించాడు. ప్రాణం పోని ముని, యమధర్మరాజు వద్దకు వెళ్లి తన తప్పేమిటని నిలదీశాడు. చిన్ననాడు కీటకాలను పుల్లలకు గుచ్చిన పాపమే ఇదని సమాధానం వచ్చింది. అల్పదోషానికి ఘోరదండన విధించినందుకు ముని యమునికే శాపమిచ్చి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు పాపం అంటదని కట్టడి చేశాడు.

ఈ కథలో మూడు న్యాయసూత్రాలున్నాయి. మౌనం నేరాంగీకారం కాదు. శిక్ష దోషానికి తగినంతే ఉండాలి. బాల్యానికి నేరబాధ్యత అంటగట్టరాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి పూర్తి మినహాయింపును ఏడేళ్ల లోపు వారికే ఇచ్చింది. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వారికి పరిణతిని బట్టి వర్తింపజేసింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ వయోపరిమితులనే కొనసాగించింది. ఈ విషయంలో మాండవ్యుని కట్టడి నేటి శాసనం కన్నా ఉదారమైనది.

అయితే కథకు ఒక పరిమితి ఉంది. యమునికి విధించిన శిక్ష శూద్రయోనిలో జన్మించడం. శిక్షలో అనుపాతాన్ని కోరిన కథే ఒక వర్ణంలో పుట్టడాన్ని దండనగా భావించింది. ధర్మశాస్త్రాలు ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు చెప్పిన సందర్భంలో దీన్ని చూడాలి. ప్రాచీన దండనీతిని కొనియాడేవారు ఈ అంశాన్ని దాటవేయడం సరికాదు.

3. బెక్కరియా ఆదర్శం, రంప వాస్తవం

ఆధునిక నేరశాస్త్రంలో క్లాసికల్ శాఖకు పునాది చెజారే బెక్కరియా 1764లో వెలువరించిన గ్రంథం. మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకుని ప్రవర్తిస్తాడని, కాబట్టి శాసనం స్పష్టంగా, ప్రజలకు అర్థమయ్యే భాషలో ఉండాలని, శిక్ష కఠినంగా కాక నిశ్చయంగా, అనుపాతంగా ఉండాలని ఆయన వాదించాడు. బెంథామ్ దీన్ని ఉపయోగితావాదంగా విస్తరించాడు. ఆ భావధారలోనే మెకాలే అధ్యక్షతన భారత శిక్షాస్మృతి ముసాయిదా తయారైంది.

రాజమహేంద్రవరానికి ఎగువన రంప కొండలలో ఈ ఆదర్శం ఎలా నడిచిందో 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరే చెబుతుంది. కొండవాసులు తమ ఇంటి అవసరానికి గీసుకునే కల్లు కొత్త ఆబ్కారీ నిబంధనలతో నిషిద్ధమైంది. దానిపై మన్సబుదారు చిగురుపన్ను మోపాడు. పోలీసుల వసూళ్లు తోడయ్యాయి. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాసుల అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని దావాలు వేసి, ప్రతివాది హాజరు కాని డిక్రీలు పొంది, పశువులనూ పంటనూ జప్తు చేయించారు. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు రగిలింది.

న్యాయస్థానానికి రాని కొండవాసి మాండవ్యుని వారసుడు. ముని మౌనం వ్రతం వల్ల కలిగితే, ఇతని మౌనం దూరం, అక్షరం, న్యాయస్థానపు భాష వల్ల కలిగింది. ఇద్దరి మౌనాన్నీ అధికారం ఒప్పుకోలుగానే లెక్కించింది. బెక్కరియా కొలమానంతో చూసినా ఇక్కడ తప్పిపోయింది శాసనమే. ఫితూరీ తరువాత ప్రభుత్వం మన్సబుదారును తొలగించింది. తిరుగుబాటుకు మూలం కొండవాసుల స్వభావంలో కాక పాలనలో ఉందనడానికి ఇదే సాక్ష్యం.

4. పుట్టుకే నేరమైనప్పుడు

1876లో లొంబ్రోజో పుట్టు నేరస్థుడు ఉంటాడని, శరీర లక్షణాలతో అతనిని గుర్తించవచ్చని ప్రతిపాదించాడు. కానీ భారతదేశంలో నేరస్థ తెగల చట్టం అంతకు ఐదేళ్ల ముందే, 1871లో వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి విస్తరించి ఎరుకల వంటి సంచార సమూహాలను తాకింది. అంటే ఈ శాసనానికి ప్రేరణ లొంబ్రోజో గ్రంథం కాదు. పుట్టుకను బట్టి మనిషిని అంచనా కట్టే వలస పాలకుల దృష్టి, ఇక్కడి కులవ్యవస్థ అందించిన ఊహ దానికి చాలినవి. మాండవ్యుని శాపంలో శిక్షగా కనిపించిన పుట్టుక ఈ చట్టంలో నేరమే అయింది. చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర సమాజంలో వెంటనే చెరిగిపోలేదు.

5. వ్యక్తి నుంచి సమాజం వైపు

ఒక చర్య నేరం కనుక సామూహిక చేతనను గాయపరచదని, గాయపరచింది కనుకనే నేరమవుతుందని దుర్ఖైమ్ 1893లో వివరించాడు. రంపలో ఈ సూత్రం తలకిందులైంది. కల్లు గీత కొండ సమాజపు చేతనను ఏమాత్రం గాయపరచలేదు. గాయపరచింది దానిపై వేసిన పన్ను. ఒకే రాజ్యంలో రెండు సామూహిక చేతనలు ఉన్నప్పుడు శాసనం ఎవరి చేతనకు ప్రతిరూపమన్న ప్రశ్నకు దుర్ఖైమ్ వద్ద పూర్తి సమాధానం లేదు.

ఆ లోటును తరువాతి వారు కొంత పూరించారు. గౌరవనీయ వృత్తులలో ఉన్నవారి నేరాలను సదర్లాండ్ 1939లో చర్చకు తెచ్చాడు. డిక్రీలతో కొండవాసి పశువులను తోలుకుపోయిన వర్తకుడు ఆ కోవలోనే నిలుస్తాడు. ఇంచుమించు అదే కాలంలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’లో ప్లీడర్ల అక్రమాలను ఎండగట్టాడు. న్యాయస్థానపు కాగితం కూడా దోపిడీ సాధనం కాగలదని డెల్టా పట్టణంలోని సంస్కర్త గ్రహించాడు.

విచలనం చర్యలో ఉండే గుణం కాదని, ఇతరులు తగిలించే ముద్ర అని హోవర్డ్ బెకర్ 1963లో అన్నాడు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు సాగుకు జరిగింది ఇదే. తరతరాల బతుకుతెరువు రిజర్వు అడవి హద్దులలో అతిక్రమణ అయింది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన పోరాటానికి ఈ ముద్ర కూడా ఒక కారణం.

అయితే ముద్ర సిద్ధాంతాన్ని హద్దు దాటించరాదు. హత్య, అత్యాచారం వంటి చర్యలలో బాధితుని గాయం ముద్రతో నిమిత్తం లేకుండా వాస్తవం. ఎవరికీ హాని చేయని ఆచారాన్ని, హాని చేసే చర్యను ఒకే గాటన కట్టడం రాజ్యం చేసినా సిద్ధాంతకర్త చేసినా తప్పే.

6. దండన ఎవరి కోసం?

బహిరంగంగా శరీరాన్ని హింసించే శిక్ష నుంచి, కారాగారంలో మనిషిని నిరంతరం గమనించి లొంగదీసే క్రమశిక్షణకు జరిగిన మార్పును ఫూకో 1975లో విశ్లేషించాడు. మాండవ్యుని కొరత మొదటి దశకు, రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం రెండవ దశకు ప్రతీకలు. శిక్ష రూపం మృదువైనంత మాత్రాన న్యాయం పెరిగినట్లు కాదన్నది ఆయన హెచ్చరిక. భారతీయ న్యాయ సంహిత చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చడం అనుపాతం వైపు ఒక అడుగు. కానీ విచారణలో నిందితునికి తన భాషలో తన మాట వినిపించే వీలు లేకపోతే ఆ సంస్కరణ తీర్పు తరువాతి దశకే పరిమితమవుతుంది.

7. ముగింపు

నేరసిద్ధాంతాలు వ్యక్తి ఇచ్ఛ నుంచి శరీరానికి, శరీరం నుంచి సమాజానికి, సమాజం నుంచి ముద్ర వేసే అధికారానికి దృష్టి మరల్చాయి. ఈ పరిణామం వల్ల కలిగిన మేలు ఏమిటంటే, దండించేవాడు కూడా పరీక్షకు నిలబడవలసి వచ్చింది. యముణ్ణి బోనెక్కించిన మాండవ్యుడు చేసిందీ అదే. అటవీవాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలో అంగీకరించింది. చోడవరంలో తిరుగుబాటు రగిలిన 127 ఏళ్లకు వచ్చిన మాట అది. నిందితుని మౌనానికి కారణం వెతకడం తీర్పుకు ముందే జరగాలి. తరువాత జరిగితే అది చరిత్రకు పనికివస్తుంది గాని, కొరత ఎక్కినవానికి పనికిరాదు.