కాటా ముల్లు చెప్పే తీర్పు

బరువు చూసుకునే మిషన్ మీద రెండు కాళ్లతో నిలబడితే ఎక్కువ తూగుతామా, ఒంటికాలి మీద నిలబడితేనా, గొంతుక్కూర్చుని ఒళ్లు బిగబడితేనా? లేక ఎలా ఉన్నా ఒకటేనా? జపాన్‌లో ‘వస్తువులు, వాటి బరువు’ అనే పాఠం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. దీని వెనక ఉన్న మనిషి ఇతాకురా కియోనొబు. 1930లో పుట్టి 2018లో కన్నుమూశారు. భౌతికశాస్త్ర చరిత్రలో పరిశోధన చేసి, జాతీయ విద్యా పరిశోధన సంస్థలో పనిచేస్తూ, 1963లో ఒక బోధనా పద్ధతిని ముందుకు తెచ్చారు. జపాన్‌వాళ్లు దాన్ని ‘కసెత్సు జిక్కెన్ జుగ్యో’ అంటారు. ముందు ఊహ, తర్వాత ప్రయోగం, అదే పాఠం. పిల్లలు తామే అన్వేషించి నేర్చుకోవాలని ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పని నలభై మంది కూర్చున్న మామూలు తరగతి గదిలో, మామూలు ఉపాధ్యాయుడి చేత జరిగేలా ఇంత శ్రద్ధగా చెక్కినవాళ్లు అరుదు.

మొదటి ప్రశ్ననే కాసేపు నిలబడి చూడండి. దీనికి జవాబు చెప్పాలంటే ముందుగా ఏమీ చదివి ఉండక్కర్లేదు, ఒళ్లుంటే చాలు. ఒంటికాలి మీద నిలబడితే ఆ పాదం కింద ఒత్తిడి పెరగడం ప్రతి పిల్లకీ అనుభవమే. కాబట్టి ‘బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది, ఎక్కువ తూగుతాం’ అనే పిల్లవాడిది తెలివితక్కువ మాట కాదు. తన అరికాలు చెప్పిన సంగతే చెబుతున్నాడు. ‘ఒక కాలు గాల్లో ఉంది కదా, ఆ మేరకు తగ్గాలి’ అనే పిల్లకీ ఒక లెక్క ఉంది. బిగబట్టి కూర్చుంటే మిషన్‌ను గట్టిగా అదిమినట్టే కదా అన్నవాడికీ ఉంది. మన పరీక్ష పేపర్లలో బిట్లు చూస్తే ఒకటి సరైన జవాబు, ఒకటి దానికి దగ్గరగా ఉండేది, మిగతా రెండూ భర్తీకి. ఇక్కడ భర్తీ సరుకు లేదు. ప్రతి తప్పు జవాబు వెనకా ఆలోచించే బుర్ర ఉంది. పెద్దపెద్ద పండితులు ఎక్కడెక్కడ తడబడ్డారో చరిత్రలో చదివిన మనిషి కాబట్టే, పదేళ్ల పిల్ల ఎక్కడ తడబడుతుందో ఆయన ఊహకు అందిందని నాకనిపిస్తుంది.

ప్రశ్న చదివాక ప్రతి పిల్లా ఒక జవాబు ఎంచుకోవాలి. ఉపాధ్యాయుడు చేతులెత్తించి, దేనికి ఎంతమందో బోర్డు మీద రాస్తాడు. తర్వాత కారణాలు అడుగుతాడు, అదీ తక్కువమంది ఎంచుకున్న జవాబుతో మొదలుపెట్టి. ఈ చిన్న ఏర్పాటులో ఎంత ఆలోచన ఉందో! ఎక్కువమంది ఉన్న పక్షం ముందు మాట్లాడితే ఒంటరిగా మిగిలిన పిల్ల నోరు విప్పదు. ‘ఎందుకో అలా అనిపించింది’ అన్నా అది కారణంగా చెల్లుతుంది, ఎవరూ నవ్వకూడదు. ఆ తర్వాత వాదన. వాదన విని మనసు మార్చుకున్నవాళ్లు తమ జవాబు మార్చుకోవచ్చు. ఒక్కోసారి మాటకారి పిల్లవాడు గట్టిగా వాదించి, సరైన జవాబులో ఉన్నవాళ్లను కూడా తప్పు జవాబు వైపు లాక్కుపోతాడు. అప్పుడు కూడా ఉపాధ్యాయుడు అడ్డుపడడు. తీర్పు ఆయనది కాదు, కాటాది. ఎవరో ఒకరు మిషన్ ఎక్కుతారు. కాలు మార్చేటప్పుడు ముల్లు ఊగుతుంది కాబట్టి అది నిలకడకు వచ్చేదాకా ఆగాలి. నిలిచాక చూస్తే మూడుసార్లూ అదే అంకె.

ఈ తరగతుల్లోని చర్చలను హతానో గియో, ఇనగాకి కయోకో అనే జపాన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు పరిశీలించారు. నోరు విప్పని పిల్లలు కూడా తమ తరఫున మాట్లాడుతున్నవాళ్లను ఎంచుకుని, ఆ వాదన వెంట తామూ నడుస్తారని గమనించారు. మౌనంగా ఉన్న పిల్లను చూసి పాఠం అందలేదని తేల్చేసే మనకు ఇది తెలియాల్సిన విషయం.

ఒక్క ప్రశ్నతో ఆగితే ఇదొక తమాషా ప్రయోగం అయ్యేది. అసలు పనితనమంతా వరుసలో ఉంది. కాటా మీద మనిషి తర్వాత మట్టిముద్ద వస్తుంది. ఆకారం మారిస్తే బరువు మారుతుందా? ఆ తర్వాత నీళ్ల గిన్నె, ఒక కర్రముక్క. కర్రను నీళ్లలో తేలిస్తే మొత్తం బరువెంత? మొదటి ప్రశ్నకు ‘ఎలా ఉన్నా ఒకటే’ అని సరిగ్గా చెప్పిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. తేలుతోంది కదా, నీళ్లే మోస్తున్నాయి కదా, ఇక కాటాకు బరువెలా తెలుస్తుంది? ముందు గిన్నె పక్కన పొడి కర్ర పెట్టి తూచి, తర్వాత అదే కర్రను నీళ్లలో వదిలి చూస్తే ముల్లు అక్కడే ఉంటుంది. తర్వాత చక్కెర. నీళ్లలో కరిగి కంటికే కనిపించకుండా పోయిన చక్కెర బరువు ఉన్నట్టా, పోయినట్టా? ఒంటికి తెలిసే విషయంతో మొదలై, కంటికి కనిపించని విషయం దాకా ఒకే సూత్రం వేషాలు మార్చుకుంటూ వస్తుంది. ఆ సూత్రాన్ని పిల్లలు ముందుగా వల్లించరు. ఒక్కో ప్రశ్న దగ్గరా పందెం కాసి, ఓడి, గెలిచి, చివరికి దాని మీద నమ్మకం కుదుర్చుకుంటారు.

ఈ ప్రశ్నలన్నీ ఒక పుస్తకంగా పిల్లల చేతికి రావు. విడి కాగితాలుగా, ఒక్కొక్కటే పంచుతారు. తర్వాతి పేజీ తిప్పితే జవాబు దొరికే వీలు ఉండకూడదని. మన సైన్సు పుస్తకాల్లో కూడా ‘కృత్యం’ ఉంది. కానీ చాలాచోట్ల కృత్యం ముగిసిన తర్వాతి వాక్యంలోనే ఏం జరుగుతుందో అచ్చేసి ఉంటుంది. ఆ వాక్యం చదివిన పిల్ల ఇక ప్రయోగం ఎందుకు చేయాలి? చేసినా, పుస్తకంలో ఉన్నది వచ్చేదాకా చేసి, అదే రికార్డులో రాస్తుంది. ప్రయోగం లేకపోవడం కన్నా ఇది ఎక్కువ నష్టమని నా నమ్మకం.

ప్రశ్నలు పిల్లలవి కావు కదా, ఉపాధ్యాయుడు తెచ్చినవే కదా, ఇది అన్వేషణ ఎలా అవుతుందని కొందరికి అభ్యంతరం ఉండొచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈ పాఠంలో పిల్లలు ప్రయోగాన్ని రూపొందించరు. కానీ తనకంటూ ఒక ఊహ ఉండి, దాన్ని పదిమంది ముందు పెట్టి, ప్రకృతిని అడిగి తేల్చుకోవడం కన్నా అన్వేషణకు ప్రాణం ఏముంది? పాఠం అయ్యాక అది ఎంత బాగుందో ఐదు మెట్లలో పిల్లల చేతనే చెప్పించి, వాళ్ల అభిప్రాయం రాయించుకుంటారు. ఎన్నో తరగతుల్లో నడిపి, పిల్లల ఊహలూ అభిప్రాయాలూ చూసి ఆ కాగితాలను సరిదిద్దుకుంటూ వచ్చారు. పాఠం బాగుందో లేదో చెప్పే అధికారం పిల్లలకు ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ఒక కాటా, గిన్నెడు నీళ్లు, చిన్న కర్రముక్క చాలు. రేపు తరగతికి తీసుకెళ్లండి. ముందు చేతులెత్తించి సంఖ్యలు బోర్డు మీద రాయండి, తక్కువమంది ఉన్న పక్షాన్ని మొదట మాట్లాడనివ్వండి. వాదన మధ్యలో పిల్లలు జవాబు కోసం మీ ముఖం వంక చూస్తారు. అప్పుడు మాత్రం ఏమీ బయటపడనివ్వకండి.