బలిష్ఠ – దుర్బల కోర్ల వాదం: ఒక పునఃపరిశీలన

ప్రాసెసర్ వేగాన్ని కొంత తగ్గిస్తే దానికి అవసరమైన ఓల్టేజిని కూడా తగ్గించవచ్చు. అప్పుడు వేగం తగ్గిన నిష్పత్తి కంటే విద్యుత్ వినియోగం తగ్గే నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. తక్కువ విద్యుత్తుతో పనిచేసే చిన్న కోర్లను ఒకే చిప్‌పై అనేకంగా అమర్చాలన్న ఆలోచనకు ఇదే పునాది. గూగుల్ సంస్థకు చెందిన ఉర్స్ హోల్జ్‌లె 2010లో ‘ఐఇఇఇ మైక్రో’ పత్రికలో ప్రచురించిన చిన్న వ్యాసం ఈ ఆలోచనను సూటిగా విమర్శించింది. చాలా సందర్భాలలో బలిష్ఠమైన కోర్లదే పైచేయి అని ఆయన ప్రతిపాదన.

ఈ వాదానికి ప్రధానమైన ఆధారం 1967లో జీన్ ఆమ్‌డాల్ ప్రతిపాదించిన సూత్రం. ఒక బలిష్ఠమైన కోర్ 100 సెకన్లలో ముగించే పనిలో 10 సెకన్ల భాగం విభజనకు లొంగదనుకుందాం. అటువంటి కోర్లు పదింటితో ఆ పని 19 సెకన్లలో పూర్తవుతుంది. సగం వేగం గల చిన్న కోర్లు నూరు పనిచేసినా 21.8 సెకన్లు పడుతుంది. వాటి సంఖ్యను ఎంత పెంచినా 20 సెకన్ల కంటే తగ్గదు.

హోల్జ్‌లె ఇక్కడితో ఆగలేదు. పనిని ముక్కలు చేసే ప్రోగ్రామర్ శ్రమను కూడా లెక్కలో చేర్చారు. విద్యుత్ బిల్లులో ఆదా అయినది మానవశ్రమ రూపంలో ఖర్చవుతుందని గుర్తించడం ఈ వ్యాసానికున్న విశిష్టత. ఒక్కో కోర్ వేగం సుమారు రెండింతలకు మించి వెనుకబడితే మార్పును సమర్థించడం కష్టమని ఆయన ఒక హద్దును కూడా సూచించారు.

వ్యాసంలోని లోపం వాదంలో కాక పరిభాషలో ఉంది. ‘దుర్బల’ అన్న విశేషణం ప్రత్యర్థులు అంటగట్టినది కాదు. 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ వ్యవస్థకు తామే పెట్టుకున్న పేరులోనిది. పరస్పర సంబంధం లేని చిన్న చిన్న అభ్యర్థనలకు సమాధానమివ్వడం ఆ వ్యవస్థ పని. అక్కడ చిన్న ప్రాసెసర్లు లోపం కాదు, తగిన ఎంపిక. పనిని బట్టి మారే సాపేక్ష గుణాన్ని ‘బలిష్ఠ’, ‘దుర్బల’ పదాలు సహజ స్వభావంగా స్థిరపరిచాయి.

తరువాతి చరిత్ర ఈ విషయాన్నే స్పష్టం చేస్తుంది. అమెజాన్ 2020లో 64 కోర్ల గ్రావిటాన్ 2ను సర్వర్లలో అందుబాటులోకి తెచ్చింది. 2024లో గూగుల్ స్వయంగా ఆర్మ్ ఆధారిత ఆక్సియాన్‌ను ప్రకటించింది. ఇవి హోల్జ్‌లె వాదాన్ని ఖండించలేదు. ఆయన గీసిన హద్దుకు లోపల నిలిచి, విద్యుత్తును పొదుపు చేశాయి. కాబట్టి ఆ వ్యాసంలో నిలిచేది శీర్షికలోని ద్వంద్వం కాదు, ఆ హద్దు.