అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడు

తెలిసిన కథే మళ్ళీ చెప్తానంటే వద్దంటామా? వద్దంటే రామాయణం ఎప్పుడో మూలపడేది. చెప్పే మనిషి తన సొంతం ఏం కలిపాడన్నదే లెక్క. ఒకసారి తీసిన సినిమాని మళ్ళీ తీసినప్పుడూ అంతే.

1984లో జాన్ ఎవిల్డ్‌సెన్ తీసిన 'ది కరాటే కిడ్'ని 2010లో హెరాల్డ్ జ్వార్ట్ మళ్ళీ తీశాడు. తల్లి ఉద్యోగం కోసం ఊరు మారుతుంది. కొత్త ఊళ్ళో కొడుకుని తోటి కుర్రాళ్ళు చావబాదుతారు. మరమ్మతులు చేసే పెద్దాయన విద్య నేర్పితే, పోటీలో కుర్రాడు గెలుస్తాడు. మొదటి చిత్రంలో న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తారు, రెండోదాంట్లో డెట్రాయిట్ నుంచి బీజింగ్. అక్కడ నేర్పేది కరాటే కాదు, కుంగ్‌ఫూ. అయినా పేరు మార్చలేదు చూడండి! పాత పేరుకున్న గిరాకీ అలాంటిది.

పాత గురువు మియాగీ (పాట్ మొరీటా) శిష్యుడి చేత కార్లు తుడిపిస్తాడు, కంచెకి రంగు వేయిస్తాడు. చాకిరీ చేయిస్తున్నాడని కుర్రాడు మండిపడతాడు. తీరా చూస్తే, ఆ చేతి కదలికలే దెబ్బ కాచుకునే విద్య!

కొత్త గురువు హాన్ (జాకీ చాన్) చేయించేది ఒక్కటే పని. కోటు విప్పు, కింద పడెయ్, తియ్యి, తగిలించు. ఎందుకంటే, పన్నెండేళ్ళ ఆ పిల్లాడు ఇంటికి రాగానే కోటు నేలమీద పారేస్తాడు. తియ్యరా అని తల్లి మొత్తుకుంటూనే ఉంటుంది. అమ్మ సణుగుడునే హాన్ పాఠంగా మార్చాడు. రోజూ పిల్లల బట్టలు ఏరేవాళ్ళం కనక ఈ ఘట్టం మనకి మరీ నచ్చుతుంది. పాతదాంట్లో లేనిది, అచ్చంగా దీని సొంతం. వుడాంగ్ కొండల మీద నాగుపాముని తన కదలికలతో ఆడించే ఆవిడా అంతే. పిల్లాడు చివర్లో గెలిచేది ఆవిడ దగ్గర చూసిన దాంతోనే.

మరి పోయిందేమిటి? మియాగీ తాగి కుమిలిపోయే రాత్రి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన అమెరికా తరపున యూరప్‌లో పోరాడుతుంటే, జపాన్ సంతతిదని ఆయన భార్యని అదే అమెరికా మాంజనార్ శిబిరంలో నిర్బంధించింది. పురిట్లో తల్లీ బిడ్డా దక్కలేదు. ఇటు చూస్తే శౌర్య పతకం, అటు చూస్తే ఖాళీ ఇల్లు! చిన్నతనంలో అలాంటి శిబిరంలో గడిపినవాడే కనక మొరీటా ఆ దృశ్యంలో నటించినట్టే ఉండదు. ఈ పాత్రకి ఆయన పేరు ఆస్కార్ పరిశీలనకి కూడా వెళ్ళింది.

హాన్ భార్యాబిడ్డలు కారు ప్రమాదంలో పోయారు. నడిపింది తనే. ఏటా ఆ కారుని బాగుచేసి, ఆ రోజు రాగానే తనే పగలగొడతాడు. జాకీ చాన్ ఏడిస్తే మనకీ గొంతు పట్టేస్తుంది. కానీ ప్రమాదానికి విధిని తిట్టుకుంటాం. మాంజనార్‌కి ఎవర్ని తిట్టుకోవాలి? దుఃఖం రెండుచోట్లా ఉంది, నిలదీయడం ఒక్కచోటే ఉంది.

అయితే కొత్తది ఉత్త నకలేనా? కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ సొంత కాళ్ళమీదే నడిచింది. పోటీ బరిలోకి దిగాకే, గాయపడ్డ కాలూ, ఒంటికాలి మీద ఆఖరి దెబ్బా అన్నీ అన్న చొక్కాలే. పైగా పన్నెండేళ్ళ పసివాళ్ళు అంత క్రూరంగా కొట్టుకుంటుంటే చూడబుద్ధి కాదు.

ఒక్కటే చూసే తీరిక ఉంటే మియాగీనే చూడండి. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చూసేట్టయితే మాత్రం హాన్‌ని కూడా చూడండి. మర్నాడు చొక్కా కొక్కేనికి కనిపిస్తే, ఆ పుణ్యం ఆయనదే!